కిట్టు కొన్నావు సరే, మొదలెక్కడ? మైక్రోకంట్రోలర్లతో నా తొలి పాఠాలు

ఈ ఎపిసోడ్ కోసం నేను వేరే టాపిక్ రాసి పెట్టుకున్నాను. కానీ పోయిన ఆదివారం కామారెడ్డి బస్టాండ్‌లో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడితే, ఒక తమ్ముడు వచ్చి పలకరించాడు. ఇంటర్ సెకండియర్. బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి చూపించాడు. లోపల ఆర్డుయినో బోర్డు, 37 రకాల సెన్సర్లు, రంగురంగుల తీగలు. ఒక్క కవరు కూడా విప్పలేదు. "అన్నా, ఇంట్లో గొడవ పెట్టుకుని మరీ కొనిపించుకున్న. మూడు నెలలైంది. యాడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు. ఇగ బాపు అడుగుతుండు, ఆ డబ్బాతోని ఏం చేసినవ్ రా అని" అన్నాడు.

బస్సు వచ్చేసింది. ఆ తమ్ముడికి సగం జవాబే చెప్పాను. మిగతా సగం ఇవాళ చెప్తాను. ఇలాంటి డబ్బా మంచం కింద పెట్టుకున్న వాళ్లు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఎందుకంటే నేనూ ఆ బాపతే.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను బీటెక్ చదివింది ఈసీఈ. అంటే ఎలక్ట్రానిక్సే. కానీ నాలుగేళ్లలో నా చేత్తో నేను ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలిగించలేదు. ల్యాబ్‌లో బ్యాచ్‌కి ఆరుగురం, ఒకడు చేసేవాడు, ఐదుగురం రీడింగులు రాసుకునేవాళ్లం. ఫైనలియర్ ప్రాజెక్టు? డబ్బులిచ్చి కొనుక్కొచ్చాం. నవ్వకండి, మీలో కూడా కొన్నవాళ్లు ఉంటారు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మా బోర్డు మీద ఒక చిన్న భాగం చూపించి, "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. మా నలుగురిలో ఒక్కడికీ తెలియదు. ఆయన మమ్మల్ని తిట్టలేదు. ఏదో రాసుకుని తరువాతి బ్యాచ్‌ని పిలిచాడు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్నేమో.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, ఎలక్ట్రానిక్స్ సంగతి పక్కకు పోయింది. 2020లో లాక్‌డౌన్ పెట్టాక ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్లారెడ్డి దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఒకరోజు పొద్దున పొలం కాడ బోరు మోటరు లేస్తలేదు. బాపు ఫోన్ చేశాడు: "ఎలక్ట్రానిక్సే గదరా నువ్వు చదివింది, వచ్చి జర చూడు". పోయాను. స్టార్టర్ డబ్బా మూత తీశాను. లోపలికి చూశాను. మళ్లీ మూత పెట్టాను. అంతే నేను చేసింది.

మెకానిక్ వచ్చాడు. ఆయన చదువు పదో తరగతి దాకా. హోల్డర్‌లో పెట్టిన ఒక బల్బు, రెండు తీగలు, అదే ఆయన సామాను. మూడు ఫేజులూ ఒక్కొక్కటి పట్టి చూశాడు. రెండింటికి బల్బు వెలిగింది, మూడోదానికి వెలగలేదు. "ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫ్యూజు పోయింది. స్టార్టర్ మంచిగనే ఉంది. అది లేవకపోవుడే నయమైంది, రెండు ఫేజుల మీద లేస్తే మోటరు కాలిపోవు" అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. పోతూ పోతూ బాపుతో, "అన్నా, మీ పిలగాడు ఇంజనీరే గదా?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి ఆన్‌లైన్‌లో ఆర్డుయినో కిట్టు ఆర్డర్ పెట్టాను. అచ్చం ఆ తమ్ముడి దగ్గర ఉన్నలాంటిదే.

సరే, అసలు మైక్రోకంట్రోలర్ అంటే ఏంటో చూద్దాం. మీ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్ ఒకేసారి వంద పనులు చేస్తుంది. మైక్రోకంట్రోలర్ అలా కాదు. ఒకే చిప్‌లో చిన్న ప్రాసెసర్, కొంచెం మెమరీ, బయటి తీగలు కలపడానికి పిన్నులు ఉంటాయి. మీరు ఒక పని రాసి అందులోకి ఎక్కిస్తే, కరెంటు ఉన్నంతసేపు అదే పని చేస్తూ ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో, మైక్రోవేవ్‌లో, టీవీ రిమోట్‌లో, బండి మీటర్‌లో ఉండేవి ఇవే. ఆర్డుయినో ఊనోలో ఉన్న చిప్ పేరు ఏటీమెగా328పీ. దాని ప్రోగ్రామ్ మెమరీ 32 కిలోబైట్లు. మీ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫోటో కూడా అందులో పట్టదు. కానీ ఒక ట్యాంకును కాపలా కాయడానికి అది ఎక్కువే.

ఇంకో మాట. ఆర్డుయినో ఇంజనీర్ల కోసం పుట్టింది కాదు. 2005లో ఇటలీలో ఇవ్రేయా అనే ఊళ్లో, డిజైన్ చదివే పిల్లలకు నేర్పడానికి మాసిమో బాంజీ, ఆయన తోటివాళ్లు కలిసి తయారుచేశారు. ఎలక్ట్రానిక్స్ రాని వాళ్ల కోసమే చేసిన బోర్డు అది. కాబట్టి "నేను కామర్స్", "నేను బైపీసీ", "నేను తెలుగు మీడియం" అని ఎవరూ భయపడక్కర్లేదు.

ఇప్పుడు కొనడం గురించి. 37 సెన్సర్ల కిట్టు ఇప్పటిదాకా కొనకపోతే, కొనకండి. కొనేసి ఉంటే అందులోంచి నేను చెప్పేవి మాత్రం పక్కకు తీసి, డబ్బా మూసి అటక మీద పెట్టండి. మొదటి నెలకు కావాల్సింది ఇంతే: ఒక ఊనో బోర్డు, డేటా కేబుల్, ఒక బ్రెడ్‌బోర్డు, జంపర్ తీగలు, ఐదారు ఎల్‌ఈడీలు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక పది, రెండు పుష్ బటన్లు, ఒక చిన్న బజర్. వీటన్నిటితో పాటు ఒక చవక మల్టీమీటర్. డబ్బులు తక్కువుంటే రెండు సెన్సర్లు తగ్గించుకోండి గానీ మల్టీమీటర్ మానకండి. ఆ మెకానిక్ చేతిలో బల్బు ఎలాగో, మన చేతిలో మల్టీమీటర్ అలాగ.

ఒరిజినల్ బోర్డే కొనాలా? అక్కర్లేదు. ఆర్డుయినో డిజైన్ ఓపెన్‌గా పెట్టారు కాబట్టి అలాంటివే చాలామంది చేసి చవకగా అమ్ముతారు, నేర్చుకోవడానికి అవి చాలు. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి, అక్కడ వరుసగా ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులే. లేదంటే ఆన్‌లైన్. సోల్డరింగ్ లెడ్డు, తీగలు, పాత స్విచ్‌లు లాంటివి మన కామారెడ్డిలో టీవీలు, మొబైళ్లు రిపేరు చేసే అన్నల దగ్గరే అడగొచ్చు. మర్యాదగా అడిగి పక్కన ఒక గంట కూర్చోండి. పాడైన బోర్డులోంచి భాగాలు ఎలా ఊడదీయాలో చూస్తారు. మా ల్యాబ్‌లో నేను చూడనిది అదే.

"అన్నా, మాకు ల్యాప్‌టాప్ లేదు" అంటారా? ఫోన్ ఉంది కదా. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆర్డుయినోడ్రాయిడ్ అనే యాప్ ఉంది. ఓటీజీ అడాప్టర్ పెట్టి బోర్డును ఫోన్‌కే కలిపి ప్రోగ్రామ్ ఎక్కించొచ్చు. అన్ని ఫోన్లూ ఓటీజీకి పనికిరావు, ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకోండి. బోర్డు కొనడానికీ డబ్బులు లేకపోతే వోక్వీ, టింకర్‌క్యాడ్ అని రెండు వెబ్‌సైట్లు ఉన్నాయి. బ్రౌజర్‌లోనే బోర్డు, తీగలు, ఎల్‌ఈడీ అన్నీ బొమ్మల్లా పెట్టి నడిపించొచ్చు, అవి నిజంగా పనిచేసినట్టే చేస్తాయి. నెలరోజులు దాంట్లో ఆడాక, ఇంకా ఇష్టం ఉంటే అప్పుడు కొనండి.

ఇక మొదటిరోజు. బోర్డు కలిపారు, లైటు వెలిగింది, కానీ కంప్యూటర్‌లో పోర్టు కనిపించదు. నేను ఇక్కడే మూడు రోజులు ఆగిపోయాను. బోర్డు పాడైందనుకున్నాను, వాపస్ పంపిద్దామనుకున్నాను. అసలు సంగతి ఏంటంటే, నేను వాడిన కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు పోయే రెండు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే డ్రైవర్. చవక బోర్డుల్లో చాలావాటి మీద సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ వేసుకుంటే పోర్టు కనిపిస్తుంది. ఈ రెండు ముక్కలు ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే మూడు రోజులు మిగిలేవి.

తర్వాత బ్లింక్. ఇది ఆర్డుయినో యాప్‌లో రెడీగా దొరికే ప్రోగ్రామ్, బోర్డు మీదున్న చిన్న లైటు సెకను వెలిగి సెకను ఆరుతుంది. ఎక్కించండి. పనిచేసిందా? అక్కడితో ఆపొద్దు. అందులో డిలే అని ఉండి 1000 అని రాసి ఉంటుంది, అంటే 1000 మిల్లీసెకన్లు. దాన్ని 100 చేయండి. తర్వాత 10 చేయండి. 10 చేస్తే లైటు ఆరుతున్నట్టే కనిపించదు. ఎందుకు? అది సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతోంది, మీ కన్నుకు అందట్లేదు. ఒక్క నంబర్ మార్చితే బయట ప్రపంచంలో ఒక వస్తువు మారింది. నేను అప్పటికి రెండేళ్ల నుంచి కోడ్ రాస్తున్నాను. కానీ నా కోడ్ స్క్రీన్ దాటి బయటికి వచ్చింది మాత్రం ఆ రోజే.

రెండో మెట్టు, బయట ఎల్‌ఈడీ. బ్రెడ్‌బోర్డులో రంధ్రాలు ఎలా కలిసి ఉంటాయో మల్టీమీటర్‌తో మీరే చూడండి. బీప్ మోడ్‌లో పెట్టి రెండు రంధ్రాల్లో రెండు తీగలు పెట్టి తాకించండి. మధ్యలో అడ్డంగా ఐదేసి రంధ్రాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, నడుమ ఉన్న గాడి దాటితే కలవవు. అంచుల్లో పొడుగు వరసలు పవర్ కోసం. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్. దానికి వరుసలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. దాన్ని గుర్తుపట్టేది ఎరుపు, ఎరుపు, గోధుమ రంగు పట్టీలతో.

ఆ రెసిస్టర్ ఎందుకు? ఇదే నన్ను వైవాలో అడిగింది. ఇప్పుడు చెప్తాను వినండి. ఊనో పిన్ 5 వోల్టులు ఇస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలింది 3. దాన్ని 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీఆంపియర్లు. ఆ పిన్ హాయిగా ఇవ్వగలిగింది 20 దాకా, 40 దాటితే చిప్‌కే ముప్పు. రెసిస్టర్ తీసేస్తే ఆ కరెంటుకు అడ్డు లేదు, ఎల్‌ఈడీ పోతుంది, ఒక్కోసారి పిన్ను కూడా పోతుంది. కాలువకు తూము ఎందుకో, ఇది అందుకే. ఇదంతా ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రమే. నాలుగేళ్ల బీటెక్‌లో ఎక్కనిది, పది పైసల వస్తువు చేతిలో పట్టుకున్నాక ఎక్కింది.

మూడో మెట్టు, బటన్. నొక్కితే ఎల్‌ఈడీ వెలగాలి. కలుపుతారు. నొక్కకుండానే వెలుగుతుంది, ఆరుతుంది, చెయ్యి దగ్గరికి తెస్తే మళ్లీ వెలుగుతుంది. దయ్యం పట్టినట్టు ఉంటుంది. కారణం ఏంటంటే, బటన్ నొక్కనప్పుడు ఆ పిన్ దేనికీ కలిసి ఉండదు, గాలిలో వేలాడుతుంటుంది. చుట్టూ ఉన్న కరెంటు తీగల ప్రభావం కూడా దాని మీద పడుతుంది. దానికి ఒక ఆధారం ఇవ్వాలి. చిప్ లోపలే అందుకోసం రెసిస్టర్లు ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో ఇన్‌పుట్ అని రాసేచోట ఇన్‌పుట్ పుల్అప్ అని రాసి, బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి కలపండి. అప్పుడు నొక్కనప్పుడు 1, నొక్కితే 0 వస్తుంది. ఉల్టాగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఈ మూడు వచ్చాక మనకు కొమ్ములొస్తాయి. నాకూ వచ్చాయి. ఇప్పుడు చెప్పేది నా తప్పు, జాగ్రత్తగా వినండి.

మా ఇంటి వెనక చిన్న బోరు ఉంది, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటరు. దాంతో పైన ట్యాంకు నింపుతాం. అమ్మ మోటరు వేసి వంట పనిలో పడి మర్చిపోతుంది, నీళ్లు పొంగి గల్లీ అంతా పారుతాయి, పక్కింటి పెద్దమ్మతో రోజూ లొల్లి. నేను ఆటోమేటిక్ చేస్తానన్నాను. నీలంరంగు చిన్న రిలే మాడ్యూల్ తెచ్చాను. దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంది. మోటరు తీసుకునేది సుమారు 6. సరిపోతుందిలే అనుకుని నేరుగా మోటరు తీగ దానికి కలిపేశాను. ట్యాంకు నిండితే ఆగాలి, తగ్గితే లేవాలి. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఊళ్లో చుట్టాలందరినీ పిలిచి చూపించాను.

ఎండాకాలం. ఒకరోజు రాత్రి ట్యాంకు తగ్గింది, మోటరు లేచింది. ట్యాంకు నిండింది, ప్రోగ్రామ్ ఆగమని చెప్పింది, రిలే మీద లైటు ఆరిపోయింది. మోటరు మాత్రం ఆగలేదు. ఎందుకంటే, మోటరు నడిచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు, లేచేటప్పుడు లాగే కరెంటు వేరు. లేచే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ మెరుపుకి రిలే లోపలి రెండు రేకులూ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక ఎవరు ఆపమన్నా ఆగదు. అందరం నిద్రలో ఉన్నాం. బోరులో నీళ్లు అయిపోయాయి, మోటరు ఒట్టిగా తిరిగి తిరిగి తెల్లారేసరికి వైండింగు కాలింది.

మోటరు పైకి తీయడానికి, వైండింగుకి కలిపి ఆ నెల నా జీతంలో మంచి ముక్కే పోయింది. అది కాదు నన్ను భయపెట్టింది. వైండింగు షాపు నుంచి తిరిగొచ్చేటప్పుడు బండి మీద బాపు అన్నాడు: "మోటరు పోతే పోయింది రా. అది నడుస్తలేదు అనుకొని నువ్వు ఆ తీగలల్ల చెయ్యి పెట్టలేదు గదా". నిజమే. రిలే లైటు ఆరి ఉంది. లైటు ఆరింది కదా అని నేను తీగ పట్టుకుంటే? నేను చేసిన వస్తువు నాకే అబద్ధం చెప్తోంది మరి.

ఆ రోజు నుంచి నాకొక నియమం ఉంది, మీకూ అదే చెప్తున్నాను. మొదట్లో చెప్పే వస్తువులు చేయండి, చేసే వస్తువులు కాదు. అర్థమైందా? ట్యాంకు నిండిందని చెప్పే వస్తువు చేయండి, మోటరు ఆపే వస్తువు వద్దు. కరెంటు వచ్చిందని చెప్పేది చేయండి, స్టార్టర్ ఎత్తేది వద్దు. చెప్పే వస్తువు తప్పు చెప్తే మనిషి పోయి చూసుకుంటాడు. చేసే వస్తువు తప్పు చేస్తే, మనం నిద్రలో ఉన్నప్పుడు చేస్తుంది.

మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. ఆటో స్టార్టర్. నా చిన్నప్పుడు పొలాలకు కరెంటు విడతలవారీగా వచ్చేది, ఎక్కువసార్లు రాత్రిపూట. బాపు టార్చిలైటు పట్టుకుని ఒడ్ల మీద నడుచుకుంటూ పోయేవాడు. పాములు, తేళ్లు, తడిసిన స్టార్టర్ డబ్బాలు. అప్పుడు ఆటో స్టార్టర్ వచ్చి ఎందరి ప్రాణాలు కాపాడిందో. కరెంటు రాగానే దానంతట అదే మోటరు ఎత్తేది. తర్వాత 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు ప్రభుత్వమే రైతులను ఆటో స్టార్టర్లు తీసేయమని అడిగింది. ఎందుకు? 24 గంటలు కరెంటు ఉంటే ఆటో స్టార్టర్‌తో మోటరు 24 గంటలు నడుస్తుంది, భూమిలో నీళ్లు అడుగంటుతాయి. పాపం దాని తప్పేం లేదు. కరెంటు వచ్చిందో లేదో దానికి తెలుసు. మడి తడిసిందో లేదో, బోరులో నీళ్లున్నాయో లేవో దానికి తెలియదు. నా రిలే కూడా అలాంటిదే. మోటరు నిజంగా ఆగిందో లేదో దానికి తెలియదు.

సరే, మళ్లీ ట్యాంకు దగ్గరికి వద్దాం. రెండోసారి నేను చేసింది ఒట్టి బజర్. మీ మొదటి ప్రాజెక్టుగా దీన్నే చేయమంటాను. ఫ్లోట్ స్విచ్ అని దొరుకుతుంది. నీళ్లలో తేలే చిన్న బిళ్ల, లోపల అయస్కాంతం, పైకి లేస్తే స్విచ్ కలుస్తుంది. ఒక తీగ 2వ పిన్‌కి, ఒకటి గ్రౌండ్‌కి. బజర్ 8వ పిన్‌కి. ప్రోగ్రామ్ పది పదిహేను లైన్లు. బటన్ పాఠమే, బటన్‌ని నొక్కేది వేలు కాదు, నీళ్లు. బోర్డుకు కరెంటు పాత ఫోన్ చార్జర్‌తో ఇచ్చాను. పవర్‌బ్యాంకు పెట్టకండి, ఇంత తక్కువ కరెంటు వాడితే ఏమీ కలపలేదనుకుని చాలా పవర్‌బ్యాంకులు వాటంతట అవే ఆరిపోతాయి.

టేబుల్ మీద పనిచేసింది. ఇంట్లో పెడితే? మొదటి రోగం: అమ్మ మోటరు వేసినప్పుడల్లా బజర్ ఒకసారి కీచుమనేది. ట్యాంకు నుంచి వంటింటి దాకా పదిహేను మీటర్ల తీగ. అంత పొడుగు తీగ యాంటెన్నాలాగ పనిచేసి, మోటరు లేచినప్పుడు పుట్టే అలజడిని పట్టుకుంటోంది. చిప్ లోపలి రెసిస్టర్ అంత దూరానికి చాలా బలహీనం. బయట ఒక 4.7 కిలోఓమ్ రెసిస్టర్ 5 వోల్టులకు, పిన్‌కి మధ్య పెట్టాను. ప్రోగ్రామ్‌లో కూడా ఒక మాట చేర్చాను: రెండు సెకన్లు ఆగకుండా నిండిందని చెప్తేనే మోగు, లేకపోతే పట్టించుకోకు. తగ్గింది.

రెండో రోగం నేను ఊహించనిది. ఒకరోజు బజర్ మోగలేదు, నీళ్లు మళ్లీ గల్లీలోకి పారాయి. పైకెక్కి చూస్తే కోతులు తీగ పీకేశాయి. మన దగ్గర కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. తీగ తెగితే స్విచ్ కలవదు, స్విచ్ కలవకపోతే బోర్డు ట్యాంకు ఖాళీగా ఉందనుకుంటుంది. మళ్లీ అబద్ధమే. దీనికి మందు ఫ్లోట్‌ని తిరగేసి పెట్టడం. ఇప్పుడు నీళ్లు తక్కువున్నప్పుడు స్విచ్ కలిసి ఉంటుంది, నిండితే విడిపోతుంది. విడిపోతే బజర్ మోగుతుంది. కోతి తీగ తెంపినా విడిపోయినట్టే కదా, అప్పుడూ మోగుతుంది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, బిళ్లను తలకిందులు చేశాను, ప్రోగ్రామ్‌లో 0 ఉన్నచోట 1 రాశాను. ఏ వస్తువు చేసినా ఇది అడగండి: ఇది పాడైతే నాకు ఎలా తెలుస్తుంది? పాడైనప్పుడు ఊరుకునే వస్తువు కంటే అరిచే వస్తువు మంచిది.

ఆ బజర్ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మోగగానే అమ్మ పోయి మోటరు బంద్ చేస్తుంది. పక్కింటి పెద్దమ్మ తమ ట్యాంకుకూ ఒకటి చేసిపెట్టమంది.

మరి మోటరు ఆపడం ఎప్పటికీ చేయొద్దా? చేయొచ్చు. ముందు చెప్పే వస్తువు కొన్ని నెలలు తప్పు లేకుండా చెప్పాలి. అప్పుడు కూడా 230 వోల్టుల పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చేయాలి. చిన్న రిలే నేరుగా మోటరును ముట్టకూడదు, మోటరు కోసమే చేసిన కాంటాక్టర్‌ని ఆడించాలి. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. చేత్తో ఆపే స్విచ్ ఒకటి విడిగా ఉండి తీరాలి. అప్పటిదాకా 5 వోల్టులు దాటొద్దు. ఇందులో మొహమాటం లేదు, ధైర్యం చూపించే చోటు కాదిది.

తర్వాత ఏంటి? ఊనో మీద చేయి తిరిగాక ఈఎస్‌పీ32 తీసుకోండి. దాంట్లో వైఫై, బ్లూటూత్ ఉంటాయి, బజర్ బదులు మీ ఫోన్‌కే మెసేజ్ వచ్చేలా చేయొచ్చు. రెండు జాగ్రత్తలు. ఒకటి, దాని పిన్నులు 3.3 వోల్టులవి, ఊనో సెన్సర్లలో 5 వోల్టులు ఇచ్చేవాటిని నేరుగా కలిపితే చిప్ పోవచ్చు. రెండు, అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే దానికి కనిపించదు, సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. ఇంకా పెద్దది ఏదైనా చేయాలనిపిస్తే హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చిలో మొదలైంది. మనలాంటి వాళ్లు అనుకున్న వస్తువును నిజంగా తయారుచేసి చూసుకోవడానికి కావాల్సిన మిషన్లు అక్కడున్నాయి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏం కలిపారు, ఏం పనిచేయలేదు, ఎందుకు పనిచేయలేదు, తెలుగులోనే రాయండి. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో "కేబుల్ చూడు" అని ఉంటుంది. రెండో పేజీలో "గ్రౌండ్ కలిపినవా?" అని. ఇప్పటికీ ఏదైనా పనిచేయకపోతే ముందు ఆ రెండు పేజీలే తిప్పుతాను, సగంసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

బస్టాండ్‌లో కలిసిన తమ్ముడూ, ఈ వీడియో చూస్తున్నావనుకుంటున్నాను. ఇవాళ డబ్బా తీసి బోర్డు, కేబుల్, ఒక ఎల్‌ఈడీ, ఒక రెసిస్టర్ మాత్రం బయట పెట్టు. ఎల్‌ఈడీ వెలిగాక ఆ రెసిస్టర్ ఎందుకో బాపుకు చెప్పు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు వచ్చినట్టు. నాలుగేళ్లు చదివి నేను ఎక్స్‌టర్నల్ సార్‌కి చెప్పలేనిది, నువ్వు ఒక్క సాయంత్రంలో చెప్తావు. తర్వాత ఇంట్లో అడుగు, రోజూ మర్చిపోయేది ఏంటి, రోజూ పోయి చూసుకోవాల్సి వచ్చేది ఏంటి అని. వాళ్లు చెప్పేదే నీ మొదటి ప్రాజెక్టు.

పోయిన నెలలో మా పొలం కాడ మోటరు మళ్లీ లేవలేదు. ఈసారి బాపు నాకు ఫోన్ చేయలేదు, నేరుగా మెకానిక్‌కి చేశాడు. నేనూ వెంట పోయాను, జేబులో మల్టీమీటర్ పెట్టుకుని. ఆయన బల్బు పట్టి మూడు ఫేజులూ చూశాడు, మూడూ ఉన్నాయి. నన్ను చూసి, "ఇగ నువ్వు చెప్పు ఇంజనీరూ" అన్నాడు. మెయిన్ బంద్ చేయించి, బంద్ అయిందో లేదో బల్బుతో ఇంకోసారి చూపించమని, అప్పుడు ఒక్కో తీగా బీప్ పెట్టి చూశాను. స్టాప్ బటన్ లోపల ఒక తీగ తుప్పు పట్టి విడిపోయి ఉంది. పది నిమిషాలు పట్టింది నాకు. ఆయనకైతే రెండు నిమిషాలు పట్టేది, నాకు తెలుసు. కానీ ఆయన నిలబడి నన్ను చేయనిచ్చాడు.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఫ్లోట్ స్విచ్, బజర్ కలపడం మొదటి తీగ నుంచి చివరిదాకా బల్ల మీద పెట్టి చూపిస్తాను. అప్పటిదాకా బ్లింక్‌లో ఆ నంబర్లు మార్చి ఆడుతూ ఉండండి. 230 వోల్టుల జోలికి మాత్రం పోకండి. ఉంటాను మరి, నమస్తే.